జలుబు లేదు, తుమ్ము లేదు, ముక్కు మాత్రం రెండు నెలలుగా దిబ్బడ (ఏడో నెల)

కావలి_పిల్ల
నాకు ఏడో నెల, తొలిచూలు. ఐదో నెల పడినప్పటి నుంచి ముక్కు దిబ్బడ. జ్వరం లేదు, తుమ్ములు లేవు, గొంతు నొప్పి లేదు. ఎంత చీదినా ఏమీ రాదు. పగలు ఎట్టో గడిచిపోతుంది. రాత్రి మంచం మీద వాలగానే రెండు ముక్కులూ మూసుకుపోతాయి. ఎడమ పక్కకు పడుకోమన్నారని తిరిగితే ఎడమ ముక్కు పూర్తిగా బిగుసుకుపోతుంది, కుడిది సన్నగా సుయ్‌మంటుంది. ఆ సన్నటి దారిలోనే తెల్లారేదాకా గాలి పీల్చుకోవాలి. నోరు తెరిచి పడుకుంటే నాలుక ఎండిపోయి అంగిలికి అతుక్కుని మెలకువ వస్తోంది.

దానికి తోడు పదిహేను రోజులుగా ఆయాసం. మేం మేడ మీద ఉంటాం, 18 మెట్లు. మునుపు గబగబా ఎక్కేదాన్ని, ఇప్పుడు తొమ్మిదో మెట్టు దగ్గర ఆగి గోడ పట్టుకుంటున్నా. మా అమ్మ పెరుగు మానమంటుంది. మా అత్త చన్నీళ్లు మానమంటుంది. చూపించుకునే చోట అడిగితే, తల ఎత్తకుండానే "కడుపుతో ఉంటే ఇవన్నీ మామూలేనమ్మా" అని తర్వాతి వాళ్లను పిలిచారు. మామూలే అయితే సరే, ఎందుకు మామూలో కూడా చెప్పాలి కదా. నాకే ఇంత గాలి చాలకపోతే లోపల బిడ్డకు అందుతోందా లేదా అని టెన్షన్. ఎవరికైనా ఇట్టా అయిందా?

సంతపేట_అక్క
నాకు రెండు కాన్పుల్లోనూ అయింది. రెండోసారి మరీ. మామిడికాయ వేసి చేపల పులుసు కాస్తే వీధి చివరిదాకా వాసన పోయేది, పొయ్యి దగ్గర నిలబడిన నాకు మాత్రం ఏమీ తెలిసేది కాదు. కాన్పయిన వారానికి పోయింది. భయపడకు.

అల్లూరు_అమ్మమ్మ
పెరుగు రాత్రి పూట మానేయమ్మా. మీ అమ్మ చెప్పింది తప్పేం కాదు. వాము కొంచెం వేయించి పల్చటి గుడ్డలో మూట కట్టి వాసన చూడు. మా కాలంలో అదే మందు.

జున్ను_వాళ్లమ్మ
పెరుగుకూ దీనికీ ఏం సంబంధం పెద్దమ్మా? నేను ఐదు నెలలు పెరుగు ముట్టలేదు, ముక్కు అట్టాగే ఉండింది. పైగా కాల్షియం తగ్గిందని మాత్రలు మింగాల్సి వచ్చింది.

అల్లూరు_అమ్మమ్మ
సరే, పెరుగు తిననీ. వాము మూట మాత్రం వదలొద్దు.

మైపాడు_రోడ్డు
చుక్కల మందు వేసుకో, ఐదు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. నేను కాన్పయ్యే దాకా వేసుకున్నా, నాకేం కాలేదు, నా కొడుకూ బాగున్నాడు.

ఒంగోలు_సిస్టర్
ఇరవై ఏళ్లుగా కాన్పుల వార్డులో ఉన్నాను. చెల్లీ, నువ్వు చెప్పినదాంట్లో రెండు సంగతులు కలిసిపోయాయి. ముక్కు ఒకటి, ఆయాసం ఇంకొకటి. ముందు వాటిని విడదీయాలి.

కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. ఈస్ట్రోజెన్‌తో పాటు మావి నుంచి వచ్చే హార్మోన్లూ ఎక్కువవుతాయి. ముక్కు లోపలి పొర నిండా సన్నటి రక్తనాళాలే. అవి ఉబ్బితే పొర మందమై దారి ఇరుకవుతుంది. అంటే లోపల చీమిడి అడ్డుపడలేదు, గోడలే వాచి దగ్గరికొచ్చాయి. ఎంత చీదినా ఏమీ రాకపోవడం అందుకే. పడుకుంటే తల వైపు రక్తం ఎక్కువ చేరుతుంది, ఏ పక్కకు ఒరిగితే ఆ పక్క ముక్కు ఇంకా బిగుస్తుంది. కొందరికి ముక్కు నుంచి కాస్త రక్తం కూడా వస్తుంది, చెవులు మూసుకుపోయినట్టుంటాయి. దీన్ని డాక్టర్లు ప్రెగ్నెన్సీ రైనైటిస్ అంటారు. ఆరు వారాలో అంతకు మించో ఉంటుంది, కాన్పయ్యాక రెండు వారాల్లోపు దానంతటదే పోతుంది. ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి వచ్చేదే.

ఆయాసం సంగతి వేరు. ప్రొజెస్టిరాన్ మెదడులో ఊపిరిని నడిపించే భాగాన్ని ఎగదోస్తుంది. ఒక్కో శ్వాసలో తీసుకునే గాలి పెరుగుతుంది. నిమిషానికి పీల్చే గాలి మొత్తం లెక్కేస్తే మామూలు కంటే 40 శాతం దాకా ఎక్కువ. నిమిషానికి ఎన్నిసార్లు పీలుస్తామన్నది మాత్రం పెద్దగా మారదు. కాబట్టి మామూలుగా అయితే బిడ్డకు గాలి తక్కువ కాదు, నువ్వే ఇద్దరికీ సరిపడా ఎక్కువ తీసుకుంటున్నావు, ఆ తీసుకోవడం నీకు తెలుస్తోంది. నెలలు నిండే కొద్దీ గర్భసంచి డయాఫ్రంను (ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొరను) 4 సెంటీమీటర్ల దాకా పైకి నెడుతుంది. పక్కటెముకల గూడు కూడా వెడల్పవుతుంది. జాకెట్టు కింది హుక్కు పట్టకపోవడం మనం లావయ్యామని మాత్రమే కాదు.

ఇదంతా మామూలు ఆయాసం గురించి. నీది మామూలుదో కాదో తెలియాలంటే నాకు నాలుగు జవాబులు కావాలి. కూర్చుని ఉన్నప్పుడు కూడా ఆయాసం వస్తోందా? వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటున్నావా? హిమోగ్లోబిన్ (రక్తంలో ప్రాణవాయువును మోసే ఎర్ర పదార్థం) ఎంత? ముక్కులో ఏ మందైనా వేస్తున్నావా?

కావలి_పిల్ల
అక్కా, గోడలు వాచాయి అన్నారే, ఆ ఒక్క మాట ఇన్ని రోజులూ నాకెవరూ చెప్పలేదు.

కూర్చుంటే ఆయాసం లేదు. మెట్లెక్కినా, బిందె పట్టుకుని రెండు గదులు నడిచినా వస్తోంది. గుండె దడదడలాడుతుంది. పడుకుంటే ముక్కుతోనే బాధ, ఛాతీలో ఏం లేదు. మందు వేస్తున్నా. మెడికల్ షాపులో అడిగితే చుక్కల సీసా ఇచ్చారు. మొదట్లో రాత్రికి ఒక్కసారి, ఇప్పుడు నాలుగు గంటలకోసారి. సీసా దిండు కింద పెట్టుకుంటున్నా. ఇది మూడో సీసా. హిమోగ్లోబిన్ కార్డులో చూడాలి, అది మా ఆయన దగ్గర ఉంది.

ఒంగోలు_సిస్టర్
సీసా మీద మందు పేరు చూడు. జైలోమెటాజోలిన్ అనో ఆక్సీమెటాజోలిన్ అనో ఉందా?

కావలి_పిల్ల
మొదటిది.

ఒంగోలు_సిస్టర్
అదీ సంగతి. ఆ చుక్కలు ఉబ్బిన రక్తనాళాలను బిగబట్టి ముక్కు తెరుస్తాయి. ప్రభావం తగ్గగానే అవి మునుపటికన్నా ఎక్కువ ఉబ్బుతాయి. మళ్లీ వేస్తావు, మళ్లీ ఉబ్బుతాయి. మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడకూడదని అందుకే చెప్తాం. రెండు నెలలంటే, ఇప్పుడు నీ దిబ్బడలో కడుపు వల్ల వచ్చినదెంతో మందు వల్ల వచ్చినదెంతో చెప్పలేం.

మైపాడు రోడ్డు అమ్మాయీ, నీకేం కాలేదంటే నాకూ సంతోషమే. కానీ కాన్పయ్యాక కూడా ఆ చుక్కలు వదల్లేక ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లను నేను చూశాను.

మైపాడు_రోడ్డు
నిజం చెప్పాలంటే నాకు ఇప్పటికీ బ్యాగులో ఒక సీసా ఉంటుంది. బాబుకు మూడేళ్లు.

సంతపేట_అక్క
అమ్మో, మూడేళ్లా! నువ్వు కూడా వెళ్లి చూపించుకో తల్లీ.

చీమకుర్తి_చిన్నోడు
మా ఆవిడకు ఇట్టాగే ఉంటే అందరూ కడుపు వల్లే అన్నారు. నేను గ్రానైట్ పాలిషింగ్‌లో పని చేస్తా. రోజూ దుమ్ము బట్టలతోనే ఇంట్లోకి పోయి మంచం మీద కూర్చునేవాణ్ని. ఆమెకు తుమ్ములు, కళ్ల దురద కూడా ఉండేవి. డాక్టరమ్మ ఇది అలర్జీ అని చెప్పి స్ప్రే రాసింది. ఆ రోజు నుంచి బయట కొళాయి దగ్గరే స్నానం చేసి, బట్టలు అక్కడే తడిపి లోపలికి పోతున్నా. సగం బాధ దాంతోనే తగ్గింది. ఇంట్లో మగాళ్లు కూడా ఇది చదవాలి.

ఒంగోలు_సిస్టర్
చీమకుర్తి తమ్ముడు చెప్పింది ముఖ్యం. దురద, తుమ్ములు, నీళ్లు కారడం ఉంటే అలర్జీ వైపు చూడాలి. దానికి కడుపుతో ఉన్నా వాడదగ్గ మందులున్నాయి. బ్యూడెసొనైడ్ స్ప్రే లాంటివి డాక్టర్లు రాస్తుంటారు. రాసిస్తేనే వాడాలి. మెడికల్ షాపులో జలుబు మాత్రలు అడిగి మింగొద్దు. వాటిలో మూడు నాలుగు మందులు కలిసి ఉంటాయి, కొన్ని బీపీని పెంచుతాయి.

కొండపి_కోడలు
మా వైపు పొగాకు బ్యారన్లు (ఆకు ఆరబెట్టే కొట్లు) కాల్చే రోజుల్లో కట్టెల పొగకు మామూలు మనుషులకే ముక్కులు మండిపోతాయి. నేను ఆరో నెలలో పచ్చాకు గుచ్చడానికి పోయేదాన్ని, ఒకటే వికారం, తలతిరుగుడు. తడి ఆకు ముట్టుకుంటే నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుందని తర్వాత ఏఎన్‌ఎం చెప్పింది. ఆ రోజు నుంచి మానేశా. కూలి పోయినా ఫర్వాలేదనుకున్నా.

పెన్నా_గట్టు
పొగ అంటే గుర్తొచ్చింది. మన నెల్లూరు దోమలకు గదిలో రాత్రంతా దోమల చుట్ట (కాయిల్) వెలిగిస్తారు. అది కూడా పొగే. దోమతెర కట్టుకోండి. మా అక్కకు చుట్ట మానిపించి దోమతెర కడితే దగ్గు పోయింది.

జున్ను_వాళ్లమ్మ
నెల్లూరు దోమ దోమతెర లోపలికి కూడా దారి కనుక్కుంటుంది అన్నా.

పెన్నా_గట్టు
అంచులు పరుపు కిందికి గట్టిగా దోపమ్మా, ఎట్టా వస్తుందో చూస్తా.

కోవూరు_లక్ష్మి
ఆవిరి పట్టండి అంటారని ముందే ఒక మాట. నేను ఎనిమిదో నెలలో కింద కూర్చుని, దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టా. కడుపు అడ్డం వచ్చి గిన్నె అంచు కనపడలేదు. లేవబోతే మోకాలు తగిలి మరిగే నీళ్లు తొడ మీద పడ్డాయి. తోలు ఊడొచ్చింది. కాన్పు టైముకు కూడా పుండు పూర్తిగా ఆరలేదు. బల్ల మీద పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, పక్కన ఒక మనిషిని ఉంచుకుని పట్టండి. లేదంటే స్నానాల గదిలో వేడినీళ్లు వదిలి తలుపు మూసి పది నిమిషాలు నిలబడినా చాలు.

అల్లూరు_అమ్మమ్మ
అయ్యో బిడ్డా. కింద కూర్చుని పట్టమని నేనే ఎంతమందికి చెప్పానో. ఇక చెప్పను.

తీరం_సుధ
నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. కడుపు నిలవగానే ఇంట్లోవాళ్లు ఇన్‌హేలర్ బిడ్డకు మంచిది కాదని దాచిపెట్టారు. నాలుగో నెలలో ఒక రాత్రి పిల్లికూతలు మొదలై, మాట కూడా రాక, వేళ్లతో సైగ చేస్తే 108 పిలిచారు. అక్కడ డాక్టరు మా అత్తను పక్కన కూర్చోబెట్టి చెప్పారు: ఇన్‌హేలర్ వల్ల బిడ్డకు వచ్చే ముప్పు కన్నా, తల్లికి ఆయాసం ముదిరితే వచ్చే ముప్పు చాలా ఎక్కువ అని. ఉబ్బసం ఉన్నవాళ్లలో కడుపుతో ఉన్నప్పుడు కొందరికి పెరుగుతుంది, కొందరికి తగ్గుతుంది, కొందరికి అట్టాగే ఉంటుందట. మందు మాత్రం సొంతంగా ఆపకూడదు.

కావలి_పిల్ల
కార్డు దొరికింది. హిమోగ్లోబిన్ 8.4. పోయిన నెలది. పక్కన ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టి ఉంది, కానీ ఎవరూ నోటితో చెప్పలేదు. ఎర్ర మాత్రలు ఇచ్చారు. మలబద్ధకం వస్తోందని, నల్లగా పోతోందని ఇరవై రోజుల కిందట నేనే మానేశా.

ఒంగోలు_సిస్టర్
చెల్లీ, నీ మెట్ల ఆయాసం అదే కావచ్చు. కడుపుతో ఉన్నవాళ్లకు 11 ఉండాలి. 7 కంటే తగ్గితే చాలా ప్రమాదం. నీది మధ్యలో ఉంది, ఊరికే వదిలేసేది కాదు. రక్తంలో హిమోగ్లోబిన్ తక్కువైతే, ఉన్న కాస్తతోనే ఒళ్లంతటికీ ప్రాణవాయువు అందించడానికి గుండె రక్తాన్ని గబగబా తిప్పాలి, అందుకే దడ. మాత్ర వేసుకుంటే నల్లగా పోవడం మామూలే, దానికి భయపడొద్దు. మలబద్ధకానికి నీళ్లు, ఆకుకూరలు, పండ్లు. అయినా తట్టుకోలేకపోతే డాక్టరుకు చెప్తే మాత్ర మారుస్తారు, లేదా ఐరన్ సెలైన్‌లో ఎక్కిస్తారు. మాత్ర వేసుకున్న గంటలోపు టీ, కాఫీ తాగొద్దు. నిమ్మరసంతో వేసుకుంటే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. రేపే వెళ్లు. మామూలే అంటే, 8.4 మామూలా అని అడుగు.

పొదలకూరు_నిమ్మతోట
నిమ్మకాయలు కావాలంటే మా ఊరు రండి, బుట్టెడు ఇస్తా.

సంతపేట_అక్క
నిమ్మకాయలు సరే, అడ్రసు చెప్పు ముందు :)

టంగుటూరు_రవి
ఇంట్లో కరోనా నాటి ఆక్సీమీటర్ ఉంటే వేలికి పెట్టి చూసుకోవచ్చు కదా? 95 పైన ఉంటే ఏం కాదు కదా?

ఒంగోలు_సిస్టర్
95 పైన ఉంటే మంచిదే, తక్కువ వస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి. కానీ బాగున్నంత మాత్రాన ఏమీ లేదని కాదు తమ్ముడూ. రక్తం తక్కువగా ఉన్నవాళ్లకు కూడా 98 చూపించొచ్చు. ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత నిండిందో అది చెప్తుంది, అసలు ఎంత ఉందో చెప్పదు. గోరింటాకు, గోళ్ల రంగు ఉన్నా లెక్క తప్పొచ్చు.

వెన్నెల_గూడూరు
నేను ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా పిన్ని కూతురు. ఎనిమిదో నెల. పడుకుంటే ఊపిరాడటం లేదని మూడు దిండ్లు పెట్టుకునేది, తర్వాత గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. అందరం కడుపు పెద్దదైంది కదా అన్నాం. నేనూ అన్నాను. కాళ్లు వాచాయి, అదీ మామూలే అన్నాం. ఒక రాత్రి దగ్గితే నురగలాగా, లేత ఎరుపుగా కళ్లె పడింది. అప్పుడు తీసుకెళ్తే గుండె కవాటం ఇరుకుగా ఉందన్నారు. చిన్నప్పుడు కీళ్ల నొప్పులు, జ్వరం వచ్చినప్పుడే పాడైందట, కడుపుతో రక్తం పెరిగేసరికి బయటపడింది. వారం ఐసీయూలో ఉంచి, తల్లినీ బిడ్డనూ దక్కించారు. పాప ఇప్పుడు బడికి పోతోంది. కానీ ఆ మూడు దిండ్లు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంటాయి. ముక్కు దిబ్బడ వల్ల తల ఎత్తుగా పెట్టుకోవడం వేరు, పడుకుంటే ఛాతీలో ఊపిరాడకపోవడం వేరు. దయచేసి ఆ తేడా ఇంట్లోవాళ్లను అడగకండి, డాక్టరును అడగండి.

ఒంగోలు_సిస్టర్
వెన్నెలా, రాసి మంచి పని చేశావు. ఆయాసం ఉన్నట్టుండి రావడం, కూర్చున్నా తగ్గకపోవడం, ఛాతీ నొప్పి, దగ్గితే రక్తం, పెదాలు నీలంగా మారడం, ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం, ముఖం వాచి తలనొప్పితో కళ్లు మసకబారడం. వీటిలో ఏ ఒక్కటున్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ఇంకోటి, కొత్తగా గట్టిగా గురక మొదలై, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని పక్కనున్నవాళ్లు చెప్తే అది కూడా డాక్టరుకు చెప్పాలి. బీపీ పెరగడానికీ దానికీ సంబంధం ఉంది.

కావలి_పిల్ల
వెళ్లొచ్చా. ఈసారి వేరే డాక్టరమ్మ. గుండె, ఊపిరితిత్తులు స్టెతస్కోపుతో చాలాసేపు విన్నారు, బాగున్నాయి. బీపీ బాగుంది. హిమోగ్లోబిన్ మళ్లీ చూస్తే 8.1. ఐరన్ ఎక్కించడం మొదలుపెట్టారు, రోజు మార్చి రోజు రమ్మన్నారు. చుక్కలు ఆపడానికి ఒక పద్ధతి చెప్పారు: ముందు ఒక ముక్కులో పూర్తిగా మానేసి, ఇంకోదాంట్లో మాత్రం రాత్రి వేసుకోమన్నారు. మొదటిది తెరుచుకున్నాక రెండోది కూడా మానాలి. మధ్యలో ఉత్త ఉప్పునీటి స్ప్రే ఎన్నిసార్లయినా కొట్టుకోవచ్చట.

జున్ను_వాళ్లమ్మ
ఉప్పునీళ్లు ఇంట్లో చేసుకోవచ్చు కదా?

ఒంగోలు_సిస్టర్
చేసుకోవచ్చు, కానీ నీళ్లు మరిగించి చల్లార్చినవే కావాలి. కొళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా ముక్కులోకి ఎప్పుడూ పోనివ్వొద్దు. అర లీటరుకు ఒక చిన్న చెంచా ఉప్పు. ఏ రోజువి ఆ రోజే.

కావలి_పిల్ల
నాలుగో రోజు. కుడి ముక్కు మానేసి మూడు రాత్రులు నరకం. రాత్రి రెండింటికి దిండు కింద చెయ్యి పెట్టి సీసా వెతికా. మా ఆయన ముందే తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఏడ్చా. లేచి కూర్చోబెట్టి వీపు నిమిరాడు, హాల్లో అటూ ఇటూ నడిపించాడు. నడిచినంతసేపూ కొంచెం తెరుచుకుంది.

అల్లూరు_అమ్మమ్మ
మంచి పిల్లోడు. వాము మూట పక్కన పెట్టుకున్నావా?

కావలి_పిల్ల
పెట్టుకున్నా అమ్మమ్మా. ముక్కు తెరుచుకోలేదు కానీ చల్లగా గాలి పోతున్నట్టు అనిపిస్తుంది. ఆ కాసేపు నిద్ర పడుతోంది. మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు కూడా పెట్టాం. దిండ్లు పేర్చితే మెడ వంగి నొప్పి పుట్టేది, ఇటుకలు నయం.

సంతపేట_అక్క
ఇటుకలు కదలకుండా చూసుకో.

కావలి_పిల్ల
పన్నెండో రోజు. చుక్కలు రెండింట్లోనూ మానేశా. ముక్కు పూర్తిగా తెరుచుకోలేదు, కానీ మునుపటి బిగింపు లేదు. రాత్రి ఒక్కసారే లేస్తున్నా.

మైపాడు_రోడ్డు
నేను కూడా ఎడమ ముక్కులో మానేశా. ఐదు రోజులైంది.

ఒంగోలు_సిస్టర్
శభాష్, ఇద్దరికీ.

కావలి_పిల్ల
తొమ్మిదో నెల పడింది. హిమోగ్లోబిన్ 10.2. ఇవాళ 18 మెట్లూ ఆగకుండా ఎక్కా. మెల్లగానే, కానీ గోడ పట్టుకోలేదు. మా అత్త కింద నిలబడి లెక్కపెట్టింది.

కావలి_పిల్ల
పాప పుట్టింది. 2.9 కిలోలు, మామూలు కాన్పు. చివరి రెండు వారాలు పాప కిందికి దిగాక ఊపిరి తేలికైంది, ముక్కు మాత్రం పట్టుకునే ఉంది. కాన్పయిన ఆరో రోజు తెల్లారుజామున పాపకు పాలిస్తూ కూర్చున్నా. కింద వంటింట్లో మా అమ్మ నాకోసం వెల్లుల్లి కారం దంచుతోంది. ఆ ఘాటు మేడ మీదికి వచ్చి నా ముక్కుకు తగిలింది. నాలుగున్నర నెలలైంది నాకు ఒక వాసన తెలిసి. అమ్మా అని గట్టిగా పిలిస్తే ఏమైందో అని రోలు వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

సంతపేట_అక్క
అమ్మను భయపెట్టావు కదే! పాపకు నా దీవెనలు.

తీరం_సుధ
చదువుతుంటే నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి.

ఉలవపాడు_మామిడి
ఇప్పుడే మొత్తం చదివాను. నాకు ఐదో నెల. ముక్కు అట్టాగే, మెట్లెక్కితే దడ. నాకూ మామూలే అన్నారు. చుక్కలు ఇంకా మొదలుపెట్టలేదు.

కావలి_పిల్ల
మొదలుపెట్టకు. ముందు లేచి కార్డు తీసి హిమోగ్లోబిన్ ఎంత ఉందో చూసి ఇక్కడ రాయి. నేను ఆగుతా.

ఉలవపాడు_మామిడి
9.2.

కావలి_పిల్ల
రేపు పొద్దున్నే వెళ్లు. మాత్రలు వేసుకుంటున్నావా, మానేశావా, అది కూడా దాచకుండా చెప్పు. వచ్చాక ఏమన్నారో రాయి. పాప రాత్రంతా లేపుతూనే ఉంటుంది, నేను మేలుకునే ఉంటా.